ఎనిమిదో కాయితం

కిందటివారం నన్ను నేనే ధవళేశ్వరంలో ఒక రేకుల షెడ్డు గుమ్మం ముందు నిలబెట్టుకుని ఆపేశాను. మీరు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. ఆ క్షణాన నా కాళ్ళు నిజంగానే కదల్లేదు. వారాలు తప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెబుతాను.

నా పేరు వీరవేణి. రాజమండ్రిలో పాత ప్రూఫు ప్రెస్సులు బాగుచేస్తాను. సీసం అక్షరాలు పేర్చాక, అసలు అచ్చుకి వెళ్ళే ముందు తప్పులు చూసుకోవడానికి ఒకటో రెండో కాపీలు లాగే మిషన్లు అవి. కంప్యూటర్లు వచ్చి చాలావాటిని మూల కూర్చోబెట్టాయి గానీ, ఈ తొంభై తొమ్మిదిలో కూడా టైపు వదలని ప్రెస్సులు గోదావరికి అటూ ఇటూ ఓ పాతిక ఉన్నాయి. వాటికి జబ్బు చేస్తే నేనే వెళ్ళాలి. ఆ పని నాకు నేర్పింది మా నాన్న బుల్లియ్య. రెండేళ్ళ కిందట ఆయనకి కుడిచెయ్యి పడిపోయి, మందులు వాడాక సగం తిరిగొచ్చింది. "చెయ్యి వణుకుతోందే, కళ్ళు ఆనట్లేదు, ఇక నా వల్ల కాదు" అని పానాల సంచీ నాకిచ్చేశాడు. తర్వాత పని గురించి ఏమడిగినా "ఏమోనే, మర్చిపోయాను" అనేవాడు.

అంతా మర్చిపోయిన ఆ పెద్దమనిషి ప్రతి గురువారం సాయిబాబా గుడికని బయల్దేరి, పంచెకి కిరసనాయిలు వాసనతో తిరిగొచ్చేవాడు. ఏ గుళ్ళో అండీ కిరసనాయిలు తీర్థం ఇచ్చేది? మా ఆయన చంద్రరావుతో చెబితే, "ముసలాయన ఎక్కడికో వెళ్ళి సంతోషంగా వస్తున్నాడు, నీకెందుకే కుళ్ళు?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. వెనకాలే ధవళేశ్వరం బస్సెక్కాను. షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఒక ఆడపిల్ల గొంతు, "గురువుగారూ, ఇటు చూడండి" అంది. మా నాన్న నవ్వాడు. ఆ నవ్వు నేను విని రెండేళ్ళయింది.

ఇంకొక్కటి చెప్పి లోపలికి వెళ్ళిపోతాను. పంచాంగం అచ్చువేసే రామచంద్రమూర్తి పంతులుగారు తన ప్రెస్సులో ఉన్న నాలుగు పాత మిషన్లనీ చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుంటానన్నారు. ఎవర్ని పెట్టుకోవాలో బుల్లియ్య చెప్పాలి, అదీ శుక్రవారంలోగా. అంటే రేపటిలోగా. బుల్లియ్య కన్నకూతుర్ని కాదని ఇంకెవరి పేరు చెబుతాడు? ఊళ్ళో అందరూ అదే అనుకున్నారు. అందరికన్నా ముందు నేననుకున్నాను.

తలుపు తోశాను.

నాన్న ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నల్లటి ప్రూఫు ప్రెస్సు. దాని మీదకి వంగి ఒకావిడ, ముప్పై లోపే ఉంటుంది, చీర మీద వాళ్ళాయన చొక్కా తొడుక్కుని సిలిండరు తుడుస్తోంది. ఆమె చేతిమీద మా నాన్న చెయ్యి ఉంది. వణికే ఆ కుడిచెయ్యే. ఎక్కడ ఎంత నొక్కాలో చేత్తో చెబుతున్నాడు.

నాకు నేర్పినప్పుడు ఎప్పుడూ చెయ్యి పట్టుకోలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి తిట్టి నేర్పాడు. పదమూడేళ్ళ పిల్లని, వేళ్ళు ఇనుములో నలిగితే "చూసుకోవద్దూ" అన్నాడు తప్ప నలిగిన వేలు చూడలేదు. అలాంటి మనిషి ఇక్కడ పరాయి ఆడపిల్ల చెయ్యి పట్టుకుని పలకమీద అక్షరాలు దిద్దించినట్టు దిద్దిస్తున్నాడు. నాకు కడుపు మండిపోయింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు, అది అసూయే.

"ఇదా నీ సాయిబాబా గుడి?" అన్నాను.

నాన్న ఉలిక్కిపడితే సగం శాంతించేదాన్నేమో. పడలేదు. "వచ్చావా. బస్సులో ఆడాళ్ళ సీట్లో నీ దగ్గు వినపడింది. మరీ అంత పొడిదగ్గేంటే, మందు వేసుకోలేదా? కూర్చో," అన్నాడు.

చొక్కా తొడుక్కున్నావిడ గబగబా చేతులు తుడుచుకుంది. "ఆయ్, వీరవేణిగారు కదండీ? రండి రండి. నా పేరు శ్రీదుర్గండి. మా ఆయన బ్యారేజీలో గేట్లెత్తే లస్కరండి. ఈ చిన్న ప్రెస్సు మా మావగారిదండి, ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. గురువుగారు మీ గురించి చెప్పని రోజు లేదండి. మజ్జిగ తెస్తానుండండి."

"నాకేం వద్దు. ఏం చెబుతాడేంటి నా గురించి?"

"మీ చెయ్యి ఆయన చెయ్యికన్నా వేగమంటారండి."

వేగం. మంచి చెయ్యి అనలేదన్నమాట. పొగడ్తలో కూడా పుల్ల వెతుక్కోవడం నాకు అలవాటు, మా ఆయన అంటూనే ఉంటాడు. కానీ ఆ పూట నా కళ్ళు వేరేచోట ఆగిపోయాయి. ఆమె మెడలో పసుపుతాడు పక్కన ఇంకో దారం, దానికి ఒక ఉక్కు బిళ్ళ. టైపు ఎత్తు ఎంతుండాలో కొలిచే బిళ్ళ అది. మా నాన్నకి వాళ్ళ గురువు ఇచ్చింది. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎక్కడో పోయిందని చెబితే, నేను మంచాల కింద పాకి వెతికాను. ఆయాల కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నాన్నా, అదేంటి ఆ మెళ్ళో?"

"బిళ్ళ."

"పోయిందన్నావు కదా!"

"నీ దగ్గరుంటే పోయినట్టేనే," అన్నాడు నాన్న తాపీగా. "నువ్వు కొలిచి ఎన్నేళ్ళయింది? మిషన్ను చూడ్డం, ఇది ఉంటుంది, ఇది పోయింది అని చెప్పెయ్యడం. దుర్గమ్మ ప్రతిసారీ కొలుస్తుంది. కొలిచేవాళ్ళ దగ్గరుండాలి బిళ్ళ."

అరికాలి మంట నెత్తికెక్కింది. దుర్గమ్మట. నన్ను ఒసే, ఏమే అని తప్ప పిలవడు. ఏదో ఒకటి గట్టిగా అనేద్దామని నోరు తెరిచి, మిషన్ వైపు చూశాను. అప్పుడు కనపడింది. సిలిండరు దొర్లే పక్క పట్టా అంచు మీద వేలి గోరంత చెక్కు లేచిపోయి ఉంది. ఆ చెక్కు నాకు తెలుసు.

"ఇది అమ్మిరాజుగారి మిషను," అన్నాను. "ఇన్నీసుపేటలో ఆయన ప్రెస్సులో ఉండేది."

"ఆ, అదే."

"ఇదెలా ఉంది ఇంకా? ఇది పోయింది కదా. షాఫ్టు అరిగిపోయింది, బుష్షులు అరిగిపోయాయి. పాతినుప సామానుకి ఇచ్చెయ్యమని నేనే చెప్పాను ఆయనకి."

"చెప్పావు. ఇచ్చేశాడు. రిక్షాలో వేసుకుని పోతుంటే వంతెన దగ్గర నేనే ఆపించాను. దుర్గమ్మా, ఒకటి లాగి చూపించు మా అమ్మాయికి."

శ్రీదుర్గ మొహమాటంగా నా వైపు చూసి, మిషన్ మీద బిగించి ఉన్న టైపు పేజీకి ఇంకు పూసింది. తెల్లకాయితం పెట్టింది. సిలిండరు పిడి పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే ఊపున దొర్లించింది. చప్పుడు విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. కాయితం లేపి నా చేతికిచ్చింది. తిథులు, వారాలు, నక్షత్రాలు, గడియలు, విగడియలు. పంచాంగం పేజీ. అన్నిటికన్నా చిన్న టైపుతో కూర్చింది.

నేను దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. ఒక్క సున్నా చిట్లిందేమోనని చూశాను. ఒక్క గుడి విరిగిందేమోనని చూశాను. వెనక్కి తిప్పి అక్షరాలు గుచ్చుకున్నాయేమోనని వేలితో తడిమాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఏడుపొచ్చింది, దాన్ని కోపం చేసుకున్నాను.

"బుష్షులు మార్చారా?"

"లేదు," అన్నాడు నాన్న.

"షాఫ్టు లేతు మీద తిప్పించారా?"

"లేదు."

"మరేం చేశారు?"

నాన్న శ్రీదుర్గ వైపు గడ్డం ఆడించాడు. ఆమె నేలచూపులు చూస్తూ, "ప్యాకింగు విప్పామండి. అంతేనండి," అంది.

ఈ ప్యాకింగు సంగతి మీకు చెప్పాలి, లేకపోతే నా పరువు ఎక్కడ పోయిందో మీకు అర్థం కాదు. సిలిండరు చుట్టూ కొన్ని కాయితాలు బిగించి కడతాం. ఆ మెత్తదనం మీదే అచ్చు తేటగా పడుతుంది. ఈ మిషనుకి ఏడు కాయితాలు. ఆరైతే అక్షరం అందదు. ఎక్కువైతే సిలిండరు పట్టాల మీద నుంచి లేచి టైపు మీద ఎక్కి దొర్లుతుంది, పేజీ చివరికొచ్చేసరికి జారి అక్షరం మీద అక్షరం పడుతుంది. టైపు పేర్చే కంపోజిటర్లకో పాడలవాటు ఉంది. అచ్చు కాస్త పల్చబడిందంటే చాలు, లోపలికో కాయితం దోపేస్తారు. ఆర్నెల్లకి ఇంకోటి. దోపేవాళ్ళే గానీ తీసేవాళ్ళుండరు.

"పంతొమ్మిది ఉన్నాయండి లోపల," అంది శ్రీదుర్గ, తన తప్పేదో చెబుతున్నట్టు.

పంతొమ్మిది! నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు అమ్మిరాజుగారి దగ్గర నేను చూసింది కూడా అదే. పేజీ చివర అక్షరాలు జారడం. షాఫ్టు అరిగిందని నిలబడ్డచోటే తేల్చేశాను. ఆయన టీ తెప్పించేలోపే తేల్చేశాను.

"ముందు ప్యాకింగు విప్పి లెక్కపెట్టు, తర్వాతే మిషన్ను ముట్టుకో అని నీకు నేను చెప్పలేదూ?" అన్నాడు నాన్న. "ఎందుకు విప్పలేదు?"

"పైన నీ కట్టు ఉంది."

"ఏంటి?"

"పైకాయితం మీద నీ పెన్సిలు గుర్తుంది నాన్నా. నువ్వు కట్టిన కట్టు. నువ్వు కట్టింది తప్పుంటుందా? దాన్ని నేను విప్పడమేంటి? అందుకే విప్పలేదు."

నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది. కంపోజిటర్లు పైకాయితం కదలకుండా పక్కనుంచి దోపుతూ పోయారని నాకేం తెలుసు? ఆయన చేతిని నమ్మాను. లోకంలో ఇంకెవరి కట్టయినా విప్పి ఉండేదాన్ని.

నాన్న నా వైపు కాస్త వంగాడు. కరిగాడేమో అనుకున్నాను. "నేను కట్టి పదకొండేళ్ళయిందే," అన్నాడు. "నా కట్టేవన్నా దేవుడి విగ్రహమా, ముట్టుకుంటే మైలపడ్డానికి? ఒక మంచి మిషన్ను చంపేసేదానివి."

"అయితే ఆ రోజే నాకు చెప్పొచ్చుగా! ఇంట్లో ఎదురుగా కూర్చుని రెండు పూటలా అన్నం తింటున్నావు. ఒసే పిచ్చిదానా, తప్పు చేశావని ఒక్క మాట అనొచ్చుగా. రెండేళ్ళు దాచి, దొంగతనంగా బస్సెక్కి, ఈవిడకి నేర్పుతావా?"

"చెబితే వింటావా? కొవ్వూరు శివరామకృష్ణ నీ రోలరు ఎత్తు తప్పిందన్నాడు. మళ్ళీ ఆయన గుమ్మం తొక్కావా? పెనుగొండలో ఆయనెవరో ఇంకు చిక్కగా ఉందమ్మా అంటే పానాలు విసిరికొట్టి వచ్చేశావు. నీకు తప్పని చెప్పినవాళ్ళందరూ నీకు శత్రువులే. నేనొక్కణ్ణి మిగిలాను. నేనూ చెప్పి శత్రువునవ్వాలా?"

"అందుకని మర్చిపోయానని నాటకమాడావా?"

"నాటకం కాదు. ఈ చెయ్యి పడిపోయాక నాకు మిగిలిన ఓపిక కొంచెం. దాన్ని నీతో పోట్లాడ్డానికి ఖర్చుపెట్టాలనిపించలేదే."

ఈ మాట ఆయన కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. మామూలుగా అన్నాడు. పక్కనే ఆవిడ నిలబడి వింది. అదీ బాధ. తండ్రి చేతిలో తిట్లు తినడం నాకు కొత్త కాదు, కానీ ఆవిడ ముందు తినడం కొత్త.

"అయ్యో గురువుగారూ, ఊరుకోండి," అంది శ్రీదుర్గ. "అక్కగారు మొదటిసారి మనింటికొచ్చారు."

మనిల్లట! నేను పళ్ళు కొరుక్కున్నాను. "రేపు పంతులుగారికి ఎవరి పేరు చెబుతావు? అది చెప్పు ముందు."

"రేపెందుకు? ఇవాళే వస్తున్నారు, ఇక్కడికే. నేను పేరేం చెప్పను. ఈ మిషను ఎలా ఉండేదో ఎలా అయిందో ఆయనకి తెలుసు. ఇందాక నీ చేతికిచ్చినట్టే ప్రూఫు ఒకటి ఆయన చేతికీ ఇస్తాం. చూసుకుని ఆయనే చెబుతారు."

అంటే అయిపోయింది. నేను చంపేసిన మిషన్ను ఈవిడ బతికించింది. పంతులుగారు ఆ ప్రూఫు చూశాక వీరవేణి పేరెత్తుతారా? ఇరవై ఏడేళ్ళు. వేళ్ళ సందుల్లో నలుపు పోకుండా ఇరవై ఏడేళ్ళు చేశాను. పెళ్ళిచూపులకి కూడా నిమ్మకాయ చెక్కలతో చేతులు తోముకుని కూర్చున్నాను. బుల్లియ్య పని బుల్లియ్య కూతురిదే అన్న మాట ఒక్కటే నాకున్న ఆస్తి. అది నిన్నగాక మొన్న వచ్చిన లస్కరు పెళ్ళానికి పోతుంది.

బయట స్కూటరు చప్పుడైంది. "వచ్చినట్టున్నారు," అంటూ నాన్న లేవబోయాడు. సందులో కాలవ నీళ్ళు పొంగి బురదగా ఉంది, ఆయన ఒక్కడూ నడిస్తే జారిపడతాడు. నేను ముందుకి అడుగువేసేలోపే శ్రీదుర్గ చెయ్యి అందించేసింది. ఆయన పట్టుకున్నాడు. అలవాటుగా, చూసుకోకుండానే పట్టుకున్నాడు. ఇద్దరూ సందు చివరిదాకా ఎదురెళ్ళారు.

షెడ్డులో నేనూ మిషనూ మిగిలాం.

చెయ్యి దానంతటదే వెళ్ళిందనీ, దెయ్యం పట్టిందనీ చెప్పను. తెలిసే చేశాను. గోడవార పెళ్ళికార్డుల దళసరి కాయితం కట్ట ఉంది. ఒకటి లాగాను. సిలిండరు మీద ప్యాకింగుని పట్టి ఉంచే ఇనప పట్టీ మరలు రెండు వదులు చేశాను. పైకాయితం కదలకుండా, కాయితం అంచుని గోటితో సన్నగా మడిచి, పక్కనుంచి లోపలికి దోపాను. మరలు బిగించాను. చెంగుతో తుడిచాను. ఎత్తుపీట పక్కకి వచ్చి నిలబడేసరికి వాళ్ళు ఇంకా సందులోనే మాట్లాడుకుంటున్నారు. నా చెయ్యి వేగమని ఆవిడే చెప్పింది కదా.

రామచంద్రమూర్తిగారు లోపలికి వచ్చారు. అరవై దాటిన మనిషి, మెడ చుట్టూ వేసుకున్న ఉత్తరీయం, జేబులో భూతద్దం. మంచివారు. ఎవర్నీ నొప్పించి మాట్లాడరు. "ఓహో, వీరవేణమ్మ కూడా ఇక్కడే ఉందే! ఇంకేం, ఇంటిల్లిపాదీ ఉన్నారన్నమాట," అని నవ్వి మిషన్ చుట్టూ తిరిగారు. "ఇది అమ్మిరాజుదా? నమ్మలేకపోతున్నానయ్యా బుల్లియ్యా. ఏదమ్మా, ఆ తిథుల పేజీ ఒకటి లాగు."

శ్రీదుర్గ ఇంకు పూసింది. కాయితం పెట్టింది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని సిలిండరు దొర్లించింది. మధ్యకి వచ్చేసరికి చప్పుడు మారింది. నాకు తెలిసింది. నాన్నకీ తెలిసింది, ఆయన తల ఇటు తిరిగింది.

పంతులుగారు కాయితం తీసుకుని భూతద్దం పెట్టారు. పైన బాగానే ఉంది. కిందికొచ్చేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఈ వరసలో గడియలెన్నమ్మా? చదువు."

శ్రీదుర్గ వంగి చూసింది. అంకె మీద అంకె జారి పడి ఉంది. చదవలేకపోయింది.

"దీన్ని చూసి దిద్దేవాడు ఇది ఎంతనుకుంటే అంత వేస్తాడమ్మా. ఆ గడియ చూసుకుని ఎవరో పిల్లకి ముహూర్తం పెట్టుకుంటారు," అన్నారాయన. గొంతు పెంచలేదు.

శ్రీదుర్గ మొహంలో నెత్తురు లేదు. సిలిండరు దగ్గరికి వెళ్ళి ప్యాకింగు అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా నడిపించింది. ఒకచోట వేలు ఆగింది. తలెత్తి నన్ను చూసింది.

చూడు, బాగా చూడు, అనుకున్నాను. ఇప్పుడు అరుస్తావు, అక్క చేసిందంటావు. అను. ఎవరు చూశారని నిలదీస్తాను, నీ చేతగానితనం నా మీదకి తోస్తావా అంటాను. నా జవాబులన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి.

"నాదే పొరపాటండి," అంది పంతులుగారితో. "పొద్దున మళ్ళీ కట్టినప్పుడు లెక్కలో ఒకటి ఎక్కువేసేసినట్టున్నానండి. క్షమించాలండి."

ఎవరడిగారు దీన్ని? తిడితే తిట్లు పడొచ్చు, కొడితే కొట్టొచ్చు. ఇలా నన్ను వెనకేసుకొస్తే నేనేం చెయ్యను? మంచితనంలో కూడా నాకన్నా పైమెట్టు ఎక్కి కూర్చోవాలా? ఆ క్షణాన ఆమె మీద నాకున్న కుళ్ళు బిళ్ళ గురించి కాదు, నాన్న గురించి కూడా కాదు.

"వేణీ," అన్నాడు నాన్న. "నువ్వు విప్పు. ఎన్నున్నాయో లెక్కపెట్టి పంతులుగారికి చెప్పు."

మరలు తీశాను. ఒక్కొక్క కాయితం తిప్పుతూ పైకి లెక్కపెట్టాను. దళసరి కాయితం దగ్గరికొచ్చేసరికి నా వేళ్ళు దానికి అంటుకుపోయినట్టయ్యాయి. "ఎనిమిది," అన్నాను. అబద్ధం కాదు. ఎనిమిదే ఉన్నాయి.

పంతులుగారు నిట్టూర్చి భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "ఒక్క కాయితమే కదమ్మా, పర్లేదు. చిన్నదానివి, చెయ్యి కుదురుకుంటుంది. కానీ బుల్లియ్యా, ఉగాదికి రెండు నెలలు కూడా లేదు. కుదురుకునేదాకా నేను ఆగలేను. వీరవేణమ్మని సోమవారం నుంచి పంపించు. ఏమంటావు?"

నాన్న ఎనిమిదో కాయితాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. బొటనవేలు దాని అంచు మీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పాడు. "మీ ఇష్టమండి," అన్నాడు.

అంతే. ఉద్యోగం నాదయింది. పంతులుగారు అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నేను సంతోషపడదామని చూశాను. నిజంగానే ప్రయత్నించాను. శ్రీదుర్గ గుడ్డకి కిరసనాయిలు అద్దుకుని టైపు మీద ఇంకు తుడవడం మొదలుపెట్టింది.

"దుర్గమ్మకి గోటి మడత నేను నేర్పలేదే," అన్నాడు నాన్న.

నేను ఆయన చేతిలోని కాయితం వైపు చూశాను.

"అంచు గోటితో మడిచి దోపితే పైకాయితం చెదరదు. మా గురువు నాకు చెప్పాడు. నేను నీకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఈ పిల్లకి కూడా. నా కూతురికి నా దగ్గర్నుంచి ఏదో ఒకటి విడిగా ఉండాలనిపించింది."

ఇన్ని వారాలుగా నేను వెతుక్కుంటున్నది అదే. నాకు మాత్రమే ఇచ్చింది ఏమన్నా ఉందా అని. ఉంది. ఆయన చేతిలో ఉంది. ఏడ్చేశాను. "నాన్నా, ఇంటికి పోదాం పద. బస్సు వచ్చే టైమయింది. ఇంటికెళ్ళాక నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

"నువ్వెళ్ళు. నేను రాను."

"ఇవాళ్టికా?"

"ఈ కాయితం ఎవరు పెట్టారో పంతులుగారికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను, దుర్గమ్మ చెప్పదు. నువ్వు చెప్పిందాకా నీ చేతి అన్నం నాకొద్దు."

"గురువుగారూ, అంత మాటనకండి," అంది శ్రీదుర్గ, గుడ్డ వదిలేసి వచ్చి. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "అక్కతో వెళ్ళండి. నాకేం బాధ లేదండి. నిజంగా లేదండి."

"నువ్వూరుకో దుర్గమ్మా," అన్నాడు నాన్న. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నేను బయటికి వచ్చేశాను. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచాను. ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి? ఎనిమిది కాయితాలున్నాయన్నాను, ఉన్నాయి. సోమవారం పనిలోకి వెళ్ళిపోతే పంతులుగారు ఏం అడుగుతారు గనక? నాన్న రెండ్రోజులు అలుగుతాడు, మూడో రోజు చేపల పులుసు వాసనకి దిగొస్తాడు. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ సందు మలుపుదాకా వచ్చాను. నాన్న దిగిరాడని నాకు తెలుసు. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?

మలుపులో రామచంద్రమూర్తిగారు ఇంకా ఉన్నారు. స్కూటరు స్టార్టవ్వలేదు. పక్కకి వంచుతున్నారు, కిక్కు కొడుతున్నారు, ఉత్తరీయం తీసి హ్యాండిలుకి చుట్టారు. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు కూరలు తరుగుతూ ఆయన్ని చూసి నవ్వుకుంటున్నారు.

"వీరవేణమ్మా! మంచిదానివి, వచ్చావు. నీకు మిషన్ల భాష తెలుసు కదా, కాస్త దీనికి చెప్పమ్మా," అన్నారు నవ్వుతూ. "సోమవారం దాకా ఎందుకు, వీలుంటే రేపే వచ్చెయ్యి. నీ చేతిలో పెడితే నాకు నిశ్చింత."

నిశ్చింతట. ఆయన నన్ను చూసి నవ్వుతున్నారు, నా మీద ఇంత అనుమానం కూడా లేకుండా. వెనక్కి చూశాను. షెడ్డు గుమ్మంలో శ్రీదుర్గ నిలబడి ఉంది. పక్కనే, ఆమె భుజం పట్టుకుని, నాన్న. ఇంత దూరం ఆయన కళ్ళు ఆనవు. చెవి మాత్రం ఇటే ఉందని తల వంపు చూస్తే తెలిసింది.

"పంతులుగారూ," అన్నాను. "ఆ ఎనిమిదో కాయితం... అది నేను..."

ఆయన అప్పుడే కొట్టిన కిక్కుకి స్కూటరు బుర్రున స్టార్టయింది. సందంతా చప్పుడు. ఆయన ఆనందంగా ఉత్తరీయం విప్పి మెళ్ళో వేసుకున్నారు.

"ఏంటమ్మా?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచారు. "వినపళ్ళేదు! గట్టిగా చెప్పు!"

అరుగుల మీద కత్తిపీటలు ఆగాయి. ఆడవాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు.